పావని నిద్ర డైరీ

"నీకేమబ్బా, పగలు పండుకోరాదా!" అన్నాడు మహేష్, ఇస్త్రీ చొక్కా అందుకుంటూ.

పావని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. అతని మాటలో వెటకారం లేదు. భార్య కళ్ల కింద నలుపు చూసి జాలిపడే అన్నాడు. కాకపోతే పగలంటే అతనికి, తాను ఆదోని మార్కెట్లో పత్తి వేలం చూసుకుని తిరిగొచ్చేదాకా ఇంట్లో ఊరికే పడుండే సమయం. ఆ సమయంలోనే అత్తగారి మోకాళ్లకు నూనె, గుమాస్తాలకు క్యారియర్లు, ఎమ్మిగనూరు నుంచి చెప్పాపెట్టకుండా దిగే చుట్టాలకు భోజనాలు.

రెండేళ్లుగా ఆమెకు సరైన నిద్ర లేదు. పదింటికి పడుకుంటే రెండున్నరకు మెలకువ వచ్చేది, ఇక అంతే. సెలవులకు వచ్చిన కూతురు ఇందు అది చూసి, తల్లిని ఫోన్లోనే ఆరు వారాల నిద్ర చికిత్సలో చేర్చి పోయింది. మాత్రలు లేవు. రోజూ డైరీ నింపాలి, వారానికోసారి కౌన్సెలర్‌తో వీడియోలో మాట్లాడాలి.

"నిద్రకు గూడ ట్యూషనా!" అని నవ్వాడు మహేష్.

రెండో వారం కౌన్సెలర్ డైరీ చూసి అడిగింది. "కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు తెల్లవారుజామున నాలుగింటికి వస్తాయన్నారు. రాని రోజు కూడా రెండున్నరకే ఎందుకు లేస్తున్నారు?"

"వస్తాయేమోనని," అంది పావని.

"మీరు పడుకోవట్లేదండీ. పడుకుని కాపలా కాస్తున్నారు."

పావనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ తన ఒంట్లోనే ఏదో లోపముందనుకుంది.

మంచం మీది గంటలు తగ్గిస్తేనే నిద్ర గట్టిపడుతుంది, రాత్రి పదకొండున్నర దాకా మంచమెక్కకూడదు, అయిదున్నరకు లేవాలి, మధ్యలో పనికని లేవకూడదు అంది కౌన్సెలర్. దిగుళ్లన్నీ సాయంత్రమే కాగితం మీద పెట్టేయాలంది. ఆ సాయంత్రం మిద్దె మీద కూర్చుని రాస్తుంటే అత్తగారు అమృతవల్లి మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"ఏం రాస్తాండావమ్మా?"

"రాత్రిపూట తలలోకి వచ్చేటివన్నీ, అత్తా."

"సదువు, విందాం."

గ్యాసు బండ. ఆయన బీపీ మాత్రలు. హాస్టల్లో ఇందు జ్వరం. అత్తగారి కంటి పరీక్ష. ఆడపడుచు ఇంట్లో పెళ్లికి చీరలు. నీళ్లు. పావని చదువుకుంటూ పోయింది.

"అన్నీ మావే," అంది అమృతవల్లి. "నీదొకటి గూడ లేదే!" కోడలి పక్కన కూర్చుని, మెల్లగా అంది. "నేనూ ఇట్లే లేస్తాంటి. అర్ధరాత్రి దయ్యం మాదిరి తిరుగుతావనేటోడు మీ మామ."

ఆ రాత్రి భోజనాల దగ్గర పావని గొంతు పెంచకుండానే చెప్పింది. "ఎల్లుండి నుంచి నీళ్లు మీరు పట్టండి. నేను అయిదున్నర దాకా లేవను."

"నేనా? ఆ మోటరు స్విచ్చి యాడుందో గూడ నాకు తెలీదే!"

"రేపు సూపిస్తా," అంటూ పావని కంచంలో అన్నం పెట్టుకుంది. అమృతవల్లి కూరగిన్నె కోడలి వైపు జరిపింది.

మొదట్లో నరకమే. పగలు కళ్లు మండేవి. ఒకరోజు చారులో రెండుసార్లు ఉప్పేసింది. తెల్లవారుజామున మహేష్ చీకట్లో బిందెలు తన్నుకుంటూ తిరుగుతుంటే, లేవబోయే ఒంటిని మంచం పట్టె పట్టుకుని ఆపుకునేది. "లేచి చేసేస్తే రెండు నిమిషాల పని కదా," అని మనసు సతాయించేది. లేవలేదు.

అయిదో వారంలో ఒకరోజు అలారం మోగాకే కళ్లు తెరిచింది. హాల్లోకి వస్తే చీలమండల దాకా నీళ్లు. మహేష్ లుంగీ ఎగ్గట్టి చేటతో ఎత్తిపోస్తున్నాడు. అమృతవల్లి మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, "ఆ మూల, ఆ మూల" అని కొడుక్కి దారి చూపిస్తోంది.

"మోటరేసి తొట్టి కాడ కూసున్నోణ్ణి అట్లే నిద్రపోయినాను," అన్నాడు మహేష్, తప్పు చేసిన పిల్లాడిలా. "బిందెలు దొర్లినాయి, అమ్మ అరిసింది. నీకేమీ తెలీలేదా పావనీ?"

పావని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"లేదు," అంది, తన మాట తనకే వింతగా వినిపిస్తుంటే. "ఏమీ తెలీలేదు."

నీళ్లలో నడుచుకుంటూ పోయి, అత్తగారి పక్కన మంచమెక్కి, తానూ కాళ్లు పైకి పెట్టుకుంది.