పై ఇంటి ప్రింటర్

హాసినికి తన లాప్‌టాప్ మీదున్న ప్రేమలో సగం మొగుడి మీదుంటే చాలని గోపీకృష్ణ ఎప్పుడూ ఎత్తిపొడుస్తుంటాడు. అందరికీ ఉన్న విండోస్ తనకెందుకని ఏరికోరి లినక్స్ వేసుకుంది మహాతల్లి. ప్రింటర్ తగిలించాలన్నా తనే కుస్తీ పట్టాలి.

ఆ ఆదివారం కుస్తీ తప్పలేదు. సాయంత్రం నోయిడాలో వాళ్ల సొసైటీ హాల్లో ఉగాది నాటిక. రాసింది హాసినే. తాత వేషం పై అంతస్తు మల్లికార్జునగారిది. ఆయనది కరీంనగర్. రిహార్సల్లో తాత మాటలన్నీ తన యాసలోకి మార్చేసుకునేవాడు, పిల్లలు పడిపడి నవ్వేవారు. హాసినిది కాకినాడ. ఊరుకోకుండా, రాసింది రాసినట్టే చెప్పమంది.

"నా మాట నా నోట్లె ఉండొద్దంటే ఇగ నేనెందుకమ్మా?" అని ఆయన వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి లిఫ్టులో ఎదురుపడినా పలకరింపు లేదు. రెండిళ్లూ కలిసి పెట్టుకున్న వైఫైని మాత్రం ఎవరూ తెంచుకోలేదు. కోపం కోపమే, ఇంటర్నెట్ ఇంటర్నెట్టే.

తాత వేషం గోపీకృష్ణ నెత్తిన పడింది. అతను చెబుతుంటే పిల్లలు ఆవులించారు. నాటికకు ప్రాణం ఆ యాసలోనే ఉందని హాసినికి అప్పుడు తెలిసొచ్చింది. గుర్తున్నంతలో ఆయన మాటల్నే తిరిగి రాసింది. మొగుడితోనే ఎలాగో చెప్పిద్దామనుకుంది గానీ, వెళ్లి ఆయన్ని పిలవడానికి మొహం చెల్లలేదు.

ఆదివారం ఆ కొత్త ప్రతిని ప్రింట్ తీద్దామని ప్రింటర్ కోసం వెతికితే లాప్‌టాప్‌లో ఒకే పేరు రెండుసార్లు కనిపించింది, చివరి అంకెలే తేడా. లినక్స్ ఒకదాన్నే రెండుగా చూపించడం మామూలేలే అనుకుని, పైనున్నదాన్ని నొక్కింది. టెస్ట్ పేజీ పంపింది. ప్రింట్ అయిపోయిందని తెర చెబుతోంది, ప్రింటర్ మాత్రం ఉలకదు, పలకదు. మళ్లీ పంపింది. వైఫై ఆపి మళ్లీ వేసింది. చివరికి ఒళ్లు మండి నాటిక మొత్తం పంపేసింది. అదీ అయిపోయిందనే చెప్పింది తెర. నీ లినక్స్‌కు ఇవాళ పండగ సెలవేమోనన్నాడు గోపీకృష్ణ.

అంతలో బెల్ మోగింది. గుమ్మంలో మల్లికార్జునగారు, చేతిలో కాగితాల కట్ట. పోయిన దీపావళి సేల్‌లో రెండిళ్లవాళ్లూ కూడబలుక్కుని ఒకే మోడల్ ప్రింటర్ చెరొకటి కొన్నారు. ఆ సంగతి హాసినికి ఇప్పుడు గుర్తొచ్చింది.

"తాత మాటలు మంచిగ రాసినవ్ బిడ్డా," అన్నాడాయన. "ఒకటి మర్చిపోయినవ్. అది నాకు యాదికుంది తియ్."

గోపీకృష్ణకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అంటించుకున్న మీసం అక్కడికక్కడే పీకి ఆయన చేతిలో పెట్టాడు.

సాయంత్రం హాలంతా ఒకటే నవ్వులు. ఇంట్లో హిందీ తప్ప మాట్లాడని పిల్లలు తాత మాటలు అప్పజెబుతూ తిరిగారు. హాసిని సంతోషం అంతా ఇంతా కాదు. కానీ మనసులో ముల్లు ఉండనే ఉంది. హాలు ఖాళీ అయ్యాక ఆయన దగ్గరికెళ్లి, ఆ కాగితాలు తను పంపలేదని, పొరపాటున వచ్చాయని చెప్పేసింది.

ఆయన మీసం ఊడదీస్తూ నవ్వాడు. "ఎరుకే. ముందుగాల టెస్ట్ పేజీలు రాలేదా? కాగితం ఇల్లు తప్పింది గానీ, మాట తప్పలేదు బిడ్డా."

మర్నాడు హాసిని తమ ప్రింటర్‌ను సరిగ్గా కలుపుకుంది. ఆ రెండోదాన్ని మాత్రం తీసెయ్యలేదు. దానికి 'పై ఇల్లు' అని పేరు పెట్టి, ఒక్క కాగితం పంపింది.

"కాఫీ పెట్టాను అంకుల్, రండి."