గోడ మీద బ్రైడీ చెవులు

శుక్రవారం పొద్దున బ్రైడీకి లోకమంతా ముద్దొచ్చింది. బడి కంచె పక్కన వాటిల్ చెట్టు పసుపు ముద్దలా పూసింది. జేబులో తను కట్టిన వాక్యం ఉంది.

మూడో తరగతిలో అదొక ఆనవాయితీ. పిల్లలు తరచూ స్పెల్లింగు తప్పే ఇంగ్లీషు పదం ఒకటి టీచరు మిస్ ఓక్లీ ఇస్తుంది, వాళ్లు దానికో వాక్యం కడతారు. వాక్యంలోని మాటల మొదటి అక్షరాలు వరసగా చదివితే ఆ పదం రావాలి. ఎక్కువ చేతులు లేచిన వాక్యం గోడెక్కుతుంది. పరీక్షలో ఎవరైనా ఆ పదం తప్పితే దిగిపోతుంది. సోమవారం తాతలంతా బడికొస్తారు. గోడ మీద తన వాక్యాన్ని తాత చూడాలి, అంతే ఆమె కోరిక.

ఈసారి పదం ‘బికాజ్’. ఎలుగుబంట్లు కేకులు తింటాయి, మామూలుగా అన్నీ పంచుకుంటాయి అని చదివింది బ్రైడీ. కొందరు నవ్వారు, తియ్యగా.

తర్వాత టామ్‌సిన్ లేచింది. "బ్రైడీ చెవులు గాలిని పట్టేస్తాయి, చివరికి తను ఎగిరి పారిపోతుంది." ఇంగ్లీషులో అక్షరాలు అతికినట్టు కుదిరాయి.

తరగతి గొల్లుమంది. మిస్ ఓక్లీ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సరదాకే కదమ్మా బ్రైడీ, ఏమీ అనుకోవుగా?"

ఆ ఊళ్లో పెద్ద చెవులు తప్పు కాదు, హాస్యాన్ని తట్టుకోలేకపోవడం తప్పు. "లేదు మిస్," అంది బ్రైడీ. ఓటు దగ్గర టామ్‌సిన్ వాక్యానికే తనూ చెయ్యెత్తింది. అది గోడెక్కింది.

మధ్యాహ్నం పరీక్షలో ఆ పదాన్ని కావాలనే తప్పు రాసింది.

"నీ మీద కట్టిందే నీకు గుర్తులేదా?" అంది మిస్.

"ఇప్పుడది దించేయాలి కదా మిస్?"

"దించేస్తే నీకెప్పుడొస్తుంది? ఇలా వచ్చి నిలబడు, అందరం నేర్పుతాం. ఆ జుట్టు చెవుల వెనక్కి తోసుకో, సరిగ్గా వినపడాలిగా."

తోసుకుంది. తరగతంతా వల్లించింది, ఆమె చేత వల్లింపజేసింది. ఎండ కాబట్టి ఆరుబయట టోపీ లేనిదే ఆట లేదన్న బడి నియమం మీద ఆ రోజు బ్రైడీకి ఎంత ప్రేమ పుట్టిందో. ఆటవిరామం గంట కొట్టగానే టోపీని కళ్ల దాకా లాక్కుంది.

సోమవారం తాత ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. ఇంటి కప్పు కింద టోపీ పెట్టుకోవడం ఆయన దృష్టిలో మోటుతనం, అందుకే గుమ్మంలోనే తీసేసి, కూర్చున్నాక ఒళ్లో పెట్టుకున్నాడు. విప్పారిన చెవులు, అచ్చం బ్రైడీవే. ‘మా నాన్న నాకిచ్చాడు, నేను నీకిచ్చాను’ అని వాటిని చూసి మురిసిపోయే మనిషి. కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకు చేతిలో పట్టుకుని, గోడ మీది వాక్యాన్ని కూడబలుక్కుంటూ పైకే చదివాడు.

పిల్లలు ఒకసారి ఆయన్నీ, ఒకసారి బ్రైడీనీ చూసి కిసుక్కుమన్నారు.

"ఎవరు పెట్టారిది?" అన్నాడు తాత.

"అందరం ఎంచుకున్నాం," అంది టామ్‌సిన్. "బ్రైడీ కూడా చెయ్యెత్తింది."

"అవునా తల్లీ?"

"సరదాకే తాతా."

"ఓహో. బాగుంది, బాగుంది," అని తాత నవ్వాడు, నవ్వాలి కాబట్టి. కేకు పళ్లెంలో పెట్టేశాడు. ఒళ్లోని టోపీ తీసి, రెండు చేతులతో చెవుల మీదికి దించుకున్నాడు.