ఏ కులం కిందికి వస్తాడు

మా ఆయన విద్యాధర్ ఒకప్పుడు కరీంనగర్‌లో దండల పెళ్లిళ్లు చేయించేవాడు. పంతులు లేడు, పుస్తె లేదు. రెండు దండలు, ఒక మైకు, గంటసేపు ఈయన ఉపన్యాసం. "కులాన్ని బొంద పెట్టుండ్రి" అంటే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. నన్నూ అలాగే దండలతోనే చేసుకున్నాడు. కాకపోతే ఊరందరికీ కులాంతరం చేయించిన మనిషికి తన వంతు వచ్చేసరికి సొంత కులం పిల్లే దొరికింది. అదేం విచిత్రమో అప్పట్లో నాకు తట్టలేదు.

ఇప్పుడాయన కులసంఘానికి జిల్లా అధ్యక్షుడు. ఇదేమిటని అడిగితే "లోపలుండి మార్చాలె" అంటాడు. ఏళ్లుగా లోపలే ఉన్నాడు. మారింది ఆయన పొట్ట ఒక్కటే.

మొన్న ఆదివారం మంచిర్యాల పక్కనున్న నస్పూర్ నుంచి సిద్దిరాములు, సత్తమ్మ మా ఇంటికి వచ్చారు. సిద్దిరాములు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. వాళ్లది మా ఆయన చేయించిన కులాంతర పెళ్లే. ఆ పెళ్లి చేసుకున్నందుకు సిద్దిరాములును అన్నదమ్ములు ఊళ్లోంచి వెళ్లగొట్టారు. సత్తమ్మ తల్లి చచ్చేదాకా బిడ్డ మొహం చూడలేదు. అయినా ఇద్దరూ ఈయన్ను ఇప్పటికీ నోరారా "అన్నా" అనే పిలుస్తారు. వాళ్ల కొడుకు విక్రాంత్, మా బిడ్డ ఆమని ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఆ సంబంధం మాట్లాడటానికే వచ్చారు.

మా ఆయన చాయ్ ఊదుకుంటూ తాగాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"అంతా మంచిగనే ఉన్నది గని సిద్దిరాములూ, పిలగాడు ఏ కులం కిందికి వస్తడు? నీదా, సత్తమ్మదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. సిద్దిరాములు తల వంచుకున్నాడు. సత్తమ్మ వంచుకోలేదు.

"గది నువ్వే చెప్పాలె అన్నా. కులం లేదని నువ్వంటేనే గద, మేం పొల్లగానికి ఏ కులమో నేర్పలే."

"గప్పుడు పోరగాండ్లం సత్తమ్మా. ఆవేశంల ఏదో అన్నం. రేపు సంఘంల నేను మొకం ఎట్ల చూపియ్యాలె?"

ఆవేశమట! ఈయన ఆవేశానికి వాళ్లు పుట్టిన ఊళ్లు పోగొట్టుకున్నారు. ఈయన కుర్చీ సంపాదించుకున్నాడు.

ఆమని గదిలోంచి వచ్చింది. తండ్రి వైపు చూడనైనా లేదు. చెప్పులు తొడుక్కుని సత్తమ్మ చేయి పట్టుకుంది.

"నడువుండ్రి అత్తమ్మా. మంచిర్యాల బస్సు పోతది."

"ఏమే, దాన్ని ఆపు!" అని మా ఆయన నా మీద అరిచాడు.

నేను లేచి నా చెప్పులు వెతుక్కున్నాను.