ఒకసారి లాగితే ఆగమని

తాడు ఒకసారి లాగితే ఆగమని, రెండుసార్లు లాగితే సాగమని. పడవ ముందు కొసన వీపు చూపించి కూర్చునే భర్త ఎడమ మణికట్టుకు ఒక కొస, వెనక తెడ్డు వేసే ఆమె కాలికి ఇంకో కొస. చలికాలం చివర్లో జలాశయం నీళ్లు బాగా తేటపడతాయి. చేపలు లోతుకు దిగి, ఏనాడో మునిగిపోయిన రోడ్డు పక్కన దీపస్తంభాల మొదట్లో కదలకుండా పడి ఉంటాయి. చిన్న అలికిడికే బెదిరిపోతాయి కనుక ఎండ ముదిరేదాకా నీటిమీద మాటలు బందు. పెళ్లయినప్పటి నుంచీ వాళ్ల సంసారం సగం ఆ తాడు మీదే నడిచింది. ఇంట్లో కూడా, కూర చాలనడానికి అతను ఆమె చెయ్యి పట్టి ఒకసారి లాగేవాడు. మీ నోళ్లు ఎవరికి అరువిచ్చారని కూతురు నవ్వేది.

ఆ పొద్దున మాట్లాడక్కర్లేకపోవడం ఆమెకు కలిసొచ్చింది. ఎడమ చెయ్యి పీకుతోందని కొన్నాళ్లుగా అంటున్నాడు. డాక్టరు దగ్గరికి పదమంటే, చేపలు పైకి రానీ, అప్పుడు చూద్దాం అంటాడు. నిన్న సాయంత్రం ఆమె విసిగిపోయింది.

"ఇంక నేను చెప్పను. నువ్వు పిలిచేదాకా పలకను," అంది.

అతను కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఇద్దరికిద్దరూ మూతి ముడుచుకునే ఉన్నారు.

మంచులో తెడ్డు వేస్తూ ఆమె అతని వీపునే చూసింది. మెడ దగ్గర స్వెట్టర్ కుట్టు ఊడింది. ఇంటికెళ్లగానే వేసివ్వాలనుకుంది, అంతలోనే వేయకూడదనీ అనుకుంది. స్తంభాల చోటు రాగానే తాడు ఆమె కాలిని ఒకసారి లాగింది. ఆమె పడవ నిలిపింది.

నిలపడమంటే ఊరికే కూర్చోవడం కాదు. గాలికి పడవ జారకుండా తెడ్డును నీళ్లలో అడ్డంగా పట్టి ఉంచాలి. వేళ్లు కొంకర్లు పోయాయి. మంచు విడిపోయి ఎండ నీళ్లమీద పరుచుకుంది. తాడు మాత్రం కదల్లేదు. అతని తల కాస్త ముందుకు వాలి ఉంది, వేలికి చుట్టుకున్న గాలపు దారాన్నే చూస్తున్నట్టు. పంతం చూడు, అనుకుంది. చివరికి మనసు ఆగక ఆమే ఓడిపోయింది.

"ఏమయ్యా, పడకపోతే పోనీలే. ఇంటికి పోదాం పద."

నీటిమీద తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అతను తిరగలేదు. పడవలో పాక్కుంటూ వెళ్లి భుజం పట్టుకుంది. ఒళ్లు నీళ్లంత చల్లగా ఉంది.

ఎంతసేపటికో వెనక్కి వచ్చి తెడ్డు అందుకుంది. పడవ ఊగినప్పుడల్లా ఆ చెయ్యి జారి, తాడు ఆమె కాలిని లాగింది. లాగినప్పుడల్లా ఆమె చేతులు వాటంతటవే ఆగిపోయాయి. పొద్దుటి ఆ లాగుడు ఆగమనడమేనా? పిలిస్తే పలుకుతానన్నది తనే. పిలిచాడేమో. తను పడవ నిలిపి, అలిగి కూర్చుంది. అయినా తాడు విప్పడానికి చెయ్యి రాలేదు.

ఒడ్డున కూతురూ పక్కింటివాళ్లూ నీళ్లలోకి దిగి అతన్ని దించుకున్నారు. తాడు కోసింది కూతురే. ఆ హడావిడిలో, పొద్దున వెళ్తూ వెళ్తూ అతను రెల్లు పక్కన వేసి వదిలిన ఇంకో గాలం ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె పాత రబ్బరు చెప్పులోంచి కోసి చేసిన నీలం బెండు అక్కడ ఎండలో తేలుతూ, ఒకసారి మునిగి, లేచి, మళ్లీ మునిగింది.