పదిహేడో సంవత్సరపు సీసా

పాలకు పిల్లిని కాపలా పెట్టకూడదని అబిడ్స్‌లో విలాయతి మందు అమ్మే సేటు శ్యామ్‌సుందర్‌కు బాగా తెలుసు. అందుకే సీసాలు రుచి చూసే పని సైలస్‌కు అప్పగించాడు. మందు గొంతు దిగనివ్వనని చిన్నతనంలోనే మెదక్ మిషను చర్చిలో ప్రమాణం చేసినవాడు సైలస్. కొత్త పెట్టె వస్తే ఒక సీసా తెరవాలి, ఒక గుక్క నోట్లో తిప్పాలి, రంపపు పొట్టు పోసిన బకెట్లో ఉమ్మేయాలి. పదిహేనేళ్లుగా అదే కొలువు. ప్రమాణమూ చెడలేదు, జీతమూ ఆగలేదు.

పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో నాంపల్లి స్టేషన్లో ఒక పెట్టె దిగింది. ఫ్రాన్సులో ఓ చిన్న రైతు కుటుంబం సొంత తోట ద్రాక్షతో చేసుకున్న షాంపేన్. సీసాల మీద చేత్తో రాసిన సంవత్సరం పందొమ్మిది వందల పదిహేడు. వెంట వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని శ్యామ్‌సుందర్ చదివి చెప్పాడు. యుద్ధం వల్ల ఆ ఏడు ఊళ్లో మగవాళ్లు లేరట. ఆడవాళ్లు పండ్లు కోస్తే, దారిన పోయే పరదేశపు సిపాయిలు బుట్టలు మోసిపెట్టారట.

సైలస్ సీసా మీది సంవత్సరాన్ని మళ్లీ చదివాడు. అన్న యేసుదానం సికింద్రాబాద్ పటాలంలో కంచరగాడిదలు తోలే పనికి కుదిరి ఫ్రాన్సుకు పోయింది ఆ ఏడే. మళ్లీ రాలేదు. 'కనబడుట లేదు' అని సర్కారు కాగితం వచ్చింది, అంతే. అప్పటి నుంచి వదిన డోరా అటు భార్యా కాదు, ఇటు విధవా కాదు. ఇరవయ్యొక్కేళ్లుగా అన్నాల వేళ మూడు కంచాలు పెడుతూనే ఉంది. జ్ఞాపకార్థ ప్రార్థన పెడదామని చర్చి అయ్యగారు వస్తే, చచ్చిపోయాడని కళ్లారా చూసినవాళ్లను తీసుకురమ్మంది. ఆ ఖాళీ కంచం ఎదుట సైలస్‌కు ముద్ద దిగేది కాదు. అన్న ఉన్నాడో లేడో ఒక్కసారి తేలితే చాలని అతని మొర.

బిరడా చిన్నగా నిట్టూర్చి ఊడింది. గుక్క నోట్లో పోసుకున్నాడు. మొదట మగ్గిన ఆపిల్ పండు, తర్వాత కాల్చిన రొట్టె. ఆ తర్వాత వాము.

సైలస్ గుక్క తిప్పడం ఆపాడు. పరాయి నీళ్లు పడకపోతే నమలమని, అన్న రైలెక్కేటప్పుడు వదిన గుడ్డముక్కలో వాము కట్టి ఇచ్చింది. పక్కనే నిలబడి చూశాడు తను. కానీ ఈ వాము వెనక ఏదో చేదు ఉంది, అదేమిటో అంతుపట్టలేదు. బకెట్ మీదికి వంగాడు. ఉమ్మలేకపోయాడు; గుక్క గొంతు దిగింది.

"మింగినవా ఏంది, సైలస్?" అన్నాడు శ్యామ్‌సుందర్.

వాము తగిలిందని సైలస్ చెబితే సేటూ రుచి చూశాడు. ఆపిల్ ఉంది, రొట్టె ఉంది, వామూ లేదు గీమూ లేదన్నాడు. పొద్దున వాము నమిలి వచ్చావేమో అని నవ్వాడు. సైలస్ నవ్వలేదు. సేటును అడిగి, మిగిలినదాన్ని దవాఖాన సీసాలో పోసుకుని ఇంటికి నడిచాడు.

డోరా దీపం ముట్టిస్తోంది. సైలస్ వాము మాట ఎత్తలేదు; అన్న ఫ్రాన్సుకు పోయిన ఏడే అక్కడి తోటలో చేసిందని చెప్పి, గిన్నెలో పోసి జర రుచి చూడమన్నాడు. మందు వాసనకు ఆమె మొహం చిట్లించింది. కానీ మరిది మొహం చూసి గిన్నె అందుకుంది. ఒక గుక్క తీసుకుని నోట్లో తిప్పింది. మింగింది.

"వాము," అంది. "మాడిన వాము."

సైలస్‌కు అంతుపట్టని చేదు అదే.

"ఆ దినం ఏడ్సుకుంట వేపితే మాడింది, సైలసూ. బండి టైం అయితుండె, గదే కట్టిచ్చిన. ఎవలకు చెప్పలే. ఆయనకు గూడ చెప్పలే."

డోరా మూడో కంచం తీసి కడిగింది. కొంగుతో తుడిచి, గూట్లో బోర్లించి, దాని మీద చెయ్యి వేసి ఉంచింది.

"చేదున్నా పారెయ్యలే సూడు," అంది. "ఆఖరిదాంక దగ్గర్నే పెట్టుకున్నడు, ఆ తోట మట్టిలనే కలిసిండు. రేపు ప్రార్థనకు అయ్యగారిని రమ్మను."