మందులంగడి వాళ్ళ పెరడు

ఆ పొద్దున ఆకాశం కిందికి దిగివచ్చి పెరటి గోడ మీద కూర్చున్నట్టుంది. సూర్యుడు లేచాడో లేదో తెలియదు. తూర్పున ఒక చోట మాత్రం మబ్బు పలచబడి నీళ్ళ మజ్జిగ రంగులో ఉంది. పుష్యమాసపు మంచు. ఇట్లాంటి మంచుకే చిక్కుడులాంటి అనపకాయ మీద కమ్మటి వాసనున్న జిడ్డు పడుతుంది. ఇట్లాంటి చలికే కంపు పురుగులు కాళ్ళు కదల్చలేక తీగల మీద మొద్దుబారి ఉంటాయి. శైలజకు రెండూ తెలుసు. అందుకే పొయ్యి అంటించకముందే సత్తుగిన్నెలో సబ్బు నీళ్ళు కలుపుకుని పెరట్లోకి వచ్చింది.

గిన్నె తీగ కింద పట్టుకుని పైనుంచి వేలితో ఒక్క తట్టు తడితే చాలు. పురుగుకు భయం వేస్తే కాళ్ళు ముడుచుకుని రాలిపోతుంది. సబ్బు నీళ్ళలో పడ్డదానికి మళ్ళీ లేవడం చేతకాదు. ఎండ పొడిచాక ఈ పని సాగదు, తట్టగానే ఎగిరి గోడ అవతలికి పోయి మాపటికి మళ్ళీ వస్తాయి. వేళ్ళతో పట్టి నలిపితే మాత్రం ఆ కంపు చేతిని వదలదు. చింతపండు రుద్దినా, బూడిద రుద్దినా, అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికి మళ్ళీ తగులుతుంది.

ఆమె భర్త ఆదినారాయణ వెనక వాకిలి మెట్టు మీద నిలబడి పళ్ళు తోముకుంటూ చూశాడు.

"మాపటికి మందు పంపు తెస్తా. అయిదు నిమిషాల పని. దీనికి ఇంత అగసాట్లు ఏమిటికి?"

"వద్దుప్పా," అంది శైలజ, తీగ మీది చూపు తిప్పకుండా. "ఈ పొద్దంతా కూర్చోనైనా ఏరేస్తా. మాపటికి నువ్వొచ్చి చూడు. పురుగు కనపడితే అప్పుడు కొట్టు."

అతను పుక్కిలించి ఉమ్మి, "చూస్తాంలే" అని లోపలికి పోయాడు. ఆ మాటను ఆమె ఒప్పందం అనుకుంది.

ఆదినారాయణకు చెన్నేకొత్తపల్లిలో హైవే పక్కన ఎరువులూ పురుగుమందులూ అమ్మే అంగడి ఉంది. పంపు మాట అతని నోటికి ఎందుకు వచ్చిందో శైలజకు తెలుసు, అతను చెప్పకపోయినా. అంగడి దగ్గర నలుగురూ ఉండగా సంజీవప్ప అనే రైతు అన్నాడట, "ఏమప్పా ఆదినారాయణా, ఊరికంతా మందు అమ్మతాండావు. మీ ఇంట్లో ఆ యమ్మ పురుగుల్ని గిన్నెలో పట్టుకుంటాదంటనే. నీ మందుకు పురుగు సావదని ఆ యమ్మకు ముందే తెలుసేమో." అందరూ నవ్వారట. ఆదినారాయణ కూడా నవ్వి చిల్లర ఇచ్చి పంపాడట. ఇదంతా ఆమెకు చెప్పింది అత్త నరసక్క. చెప్పి, "మొగోని పరువు పెరట్లో పెట్టినావు గదమ్మే" అని తన మాట ఒకటి పైన వేసింది.

శైలజది హిందూపురం పక్క ఊరు. అనపకాయ మీది ఆ వాసనను అక్కడ సొగడు అంటారు. పెళ్ళయి వచ్చినప్పుడు ఈ పెరట్లో పాత టైర్లు, ఖాళీ మందు డబ్బాలు ఉండేవి. వాటిని ఏరి పారేసి, గట్టి నేలను గునపంతో పెళ్ళగించి, పేడా బూడిదా పోసి ఆమె దాన్ని నేల చేసింది. గోడ వెంట అనపపాదు, మధ్యలో వంగ, మిరప, టమోటా, అంచున వరసగా పొద్దుతిరుగుడు. ఆ పూలు అందం కోసం కాదు. కంపు పురుగులు గోడ దాటి రాగానే ముందు వాటి మీద వాలతాయి. అక్కడే తట్టి ముంచేస్తే సగం పని అయినట్టే. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు, పోగొట్టుకుని నేర్చుకుంది. మొదటి ఏడు డాలు లాంటి వీపున్న పురుగు కనపడితే చాలు చంపింది. ఆకుపచ్చవీ, గోధుమరంగువీ, తీగ కణుపుల దగ్గర మిరియాలు పోసినట్టు గుంపు కట్టే చిన్నవీ, అన్నీ. ఆ ఏడే వంగ ఆకుల మీద గొంగళిపురుగు పడి చెట్లు ఈనెలతో మిగిలాయి. మరుసటేడు ఒక గరుకు పురుగును చూసింది. భుజాల దగ్గర ముళ్ళలాంటి కొమ్ములున్నాయి. తనకంటే పెద్ద గొంగళిని మూతికి గుచ్చుకుని, తాపీగా పీలుస్తూ నిలబడి ఉంది. తోడుగా ఉండేదాన్ని పోయిన ఏడంతా తానే ముంచి చంపానని అప్పుడు తెలిసింది. అప్పటినుంచి ప్రతి పురుగును వంగి, భుజాలు చూసి, తరవాతే తడుతుంది. వంగి చూడటంలో నడుము పోతుంది. పోతే పోనీ అనుకుంది. ఇంట్లో ఇంకెవరినీ అంత దగ్గరగా చూసే పని లేదు ఆమెకు. ఆమెను చూసేవాళ్ళూ లేరు.

ఆ రోజు ఏరడం అనుకున్నట్టు సాగలేదు. గుంపుగా ఉన్నవాటిని ముంచేసరికి నరసక్క స్నానానికి వేడినీళ్ళు అడిగింది. పాలవాడు వచ్చాడు. సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, అతనికి పెట్టి పంపింది. మళ్ళీ పెరట్లోకి వచ్చేసరికి మంచు విడిపోయింది. ఎండలో తట్టితే లాభం లేదు కాబట్టి ఆకుల అడుగు చూడటం మొదలుపెట్టింది. గుడ్లు అక్కడ ఉంటాయి, చిన్న చిన్న పీపాలను ఎవరో ఓర్పుగా వరస పెట్టినట్టు. అట్లాంటి ఆకు కనపడితే తుంచి గిన్నెలో వేసింది. గుడ్లు పగిలి వచ్చిన పిల్లలు పెంకుల దగ్గరే మూగి ఉన్న చోట గిన్నె పట్టే సందు లేక వేళ్ళతోనే నలిపేసింది. మధ్యలో లేచి అంగడికి క్యారియర్ కట్టి పంపింది. బట్టలు తడిపింది. అత్తకు నీళ్ళిచ్చింది.

నరసక్క చెంబు మూతి దగ్గరికి తెచ్చుకుని, దించేసింది.

"నీ చేతి కంపు నీళ్ళకు గూడా పట్టింది. పో, నేనే ముంచుకుంటా."

అంది గానీ లేవలేదు. శైలజ చేతులు కడుక్కుని వేరే చెంబులో తెచ్చి, నేల మీద పెట్టి వచ్చింది.

అనపపాదు అవతలి కొసకు వంగినప్పుడు ఆమెకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కిందట ధర్మవరంలో చుట్టాలింట్లో భోజనం. కాకరకాయ వేపుడు పెట్టారు. ఆదినారాయణకు అది ప్రాణం. అయినా కడుపు బాగలేదని పెరుగన్నం తిని లేచాడు. బండి మీద వస్తూ ఎందుకని అడిగితే, "ఆ కాయలు ఎవురివో నాకు తెలుసు. మొన్ననే నా తావ మందు తీసుకపోయినాడు. మందు కొట్టినాక ఆగాల్సినన్ని దినాలు ఆగుంటే ఈ కాయలు ఇంకా చెట్టు మీదుండాల" అన్నాడు. ఆ వారమే పెరటి చుట్టూ గోడ ఎత్తు పెంచాడు. బోరు నుంచి పైపు లాగించాడు. "మనకు కావాల్సింది మన ఇంట్లోనే పండాల" అన్నాడు. అప్పుడు ఆమెకు ఎంత సంతోషం. తన పని అతనికి కనపడిందనుకుంది. ఆ గోడ తనకోసం అనుకుంది. చాలా కాలం పట్టింది, అతను గోడ పెంచింది తన సొంత కంచం చుట్టూ అని తెలియడానికి. అంగడిలో కూర్చుని ఊరికి అమ్మేది ఒకటి. ఇంటికొచ్చి తినేది ఒకటి. ఆ రెంటి మధ్య గోడలా తాను నిలబడి ఉంది, నడుము వంచి, వేళ్ళు కంపు కొట్టించుకుని. ఎవరైనా వచ్చి మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే మాత్రం అతను ఒకటే మాట చెబుతాడు. "ఏముండాది, ఇంట్లో ఊరికే ఉంటాది."

పొద్దు వాలేసరికి పాదు శుభ్రమయింది. కొమ్ముల పురుగులను తప్ప దేన్నీ మిగల్చలేదు. తీగను అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. చీకటి పడేలోపు అతను వస్తే చూపించాలని ముఖం కడుక్కుని వెనక వాకిట్లో నిలబడింది. ఎన్నాళ్ళకో ఆమెకు ఒకరి రాక కోసం నిలబడాలనిపించింది.

అతను పంపు వీపుకు తగిలించుకునే వచ్చాడు.

"ఒక్కటి లేదు. చూడుప్పా, వచ్చి చూడు," అంది.

అతను చూడలేదు. టవలు ముక్కుకు కట్టుకుంటూ, "పక్కకు పో, మీద పడతాది" అన్నాడు. ఆ ఒక్క ముక్కలో కొంచెం దయ కూడా ఉంది. అదే ఆమెను మరీ నొప్పించింది.

పంపు మోటారు పెద్దగా మోగింది. పొలాల నుంచి మనుషులు తిరిగొచ్చే వేళ అది. వీధిలో ఎవరో ఆగారు. గోడ మీదినుంచి సంజీవప్ప తల కనపడింది. "ఇప్పుడు సరిపోయిందప్పా," అన్నాడు. ఆదినారాయణ చెయ్యి ఎత్తి ఊపాడు. శైలజకు అప్పుడు అర్థమయింది. ఆమె రోజంతా ఏరినా, ఏరకపోయినా ఈ పంపు మోగేదే. మందు పురుగు కోసం కొట్టడం లేదు, వీధి కోసం కొడుతున్నాడు. తెల్లటి తుంపర పాదు మీద, వంగ మీద, కొత్తిమీర మడి మీద, పొద్దుతిరుగుడు పూల మీద పరుచుకుంది. కొమ్ముల పురుగు ఒకటి ఆమె కాళ్ళ దగ్గర వెల్లకిలా పడి, కాళ్ళు ఆడించి, ఆగింది.

మర్నాడు పొద్దున నరసక్క చేట పట్టుకుని పెరటి వాకిలి దాకా వచ్చింది. అనపకాయలు బాగా ముదిరాయి, ఈ పొద్దు గింజలు నానబెడితే రేపటికి పితికిపప్పు అవుతుంది అని ఆమె ఆశ. నానిన గింజలను ఒక్కొక్కటి పితికి తోలు ఊడదీసే పని ఎటూ శైలజదే.

"ఆడికి పోవద్దమ్మా," అన్నాడు ఆదినారాయణ గట్టిగా. "పది పదైదు దినాలు పెరట్లో ఏదీ కోయొద్దండి. ఆ మందు అట్లాంటిది."

"అంతవరకు కాయలు?" అంది శైలజ.

"ముదిరిపోతే పెరికెయ్. మళ్ళా పెట్టుకుందువు. నువ్వు ఊరికే ఉండేదానివే గదా."

అతను బండి ఎక్కి పోయాడు. శైలజ చాలాసేపు ఆ వాకిట్లోనే ఉంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. పుట్టింటికి పోవడం అనే ఆలోచన వచ్చింది. అక్కడ అన్న ఇల్లు, వదిన పెరడు. అక్కడా ఎవరి కంచం చుట్టో నిలబడాలి. ఏ దిక్కు చూసినా ఒక గోడ, గోడ వెనక ఒక పొయ్యి. గునపం తీసి ఈ నేలను మళ్ళీ తవ్వడం, మళ్ళీ విత్తడం, మళ్ళీ వంగి భుజాలు చూడటం, మళ్ళీ ఒక సాయంత్రం ఎవడో గోడ మీదినుంచి తల పెడితే ఇదంతా తెల్లటి తుంపర కింద పోవడం, ఆమెకు ఒకదాని వెనక ఒకటి కనపడ్డాయి. చేట అత్త చేతిలోంచి తీసుకుని దాని చోట పెట్టింది. చీర మార్చుకుంది. గూట్లోంచి సంచి తీసింది.

"యాడికి పోతాండావు?" అంది నరసక్క.

"ధర్మవరం. కూరగాయలకు."

"ఎవుర్ని అడిగి?"

"సంగటి ఉట్టి మీదుండాది అత్తా. ఆకలైతే తిను," అని చెప్పి బస్సుకు పోయింది.

మార్కెట్లో వంకాయలు అద్దంలా మెరుస్తున్నాయి. యాడివని అడిగింది. "తాడిమర్రివమ్మా, తెల్లార్న కోసినవి. పట్టుకోని చూడు, ఒక్క పుచ్చు చూపిస్తే ఊరికే ఇస్తా," అంది అమ్మే ఆమె. శైలజ కాయలు తిప్పి తిప్పి చూసింది. నిజంగానే ఒక్క గాటు లేదు. పురుగు దగ్గరికి కూడా రాలేదు. తాడిమర్రి నుంచి తన భర్త అంగడికి ఎంతమంది వస్తారో, బండ్ల వెనక ఏ డబ్బాలు కట్టుకుని పోతారో ఆమెకు తెలుసు. అతను బయటికి పోయినప్పుడల్లా అంగడిలో కూర్చుని ఆ డబ్బాలు అందించింది తనే. మందు కొట్టాక కోతకు ఎన్నాళ్ళు ఆగాలని ఆ మనుషులు ఏనాడూ అడగలేదు. అడగని వాళ్ళకు తనూ చెప్పలేదు. వంకాయలు సంచి నిండా తీసుకుంది. టమోటాలు, కాకరకాయలు కూడా.

దీపాలు వెలిగే వేళకు ఇంట్లో వంకాయ కూర వాసన. చెనిక్కాయల పొడి, ఎండు కొబ్బరి వేసి, నూనె తేలేదాకా మగ్గించింది. ఎప్పుడూ ఇద్దరికీ పెట్టి, తరవాత పొయ్యి దగ్గర ఒక్కతే తినే మనిషి, ఆ పొద్దు మూడు కంచాలు వేసింది. మూడో దాని ముందు తనే కూర్చుంది. నరసక్క వింతగా చూసింది గానీ ఆకలి మీద ఉంది, ముద్ద కలిపింది.

ఆదినారాయణ కంచం వైపు చూశాడు.

"పెరట్లో కోయొద్దంటి గదా."

"పెరట్లోవి కాదు. మార్కెట్లో తెచ్చినా. తాడిమర్రివంట."

సంగటిలో దిగిన అతని చెయ్యి అక్కడే ఉండిపోయింది. "ఎవురిని అడిగి తెచ్చినావు?" అన్నాడు మెల్లగా. ఆ మాటలో కోపం లేదు, వెతుకులాట ఉంది.

"పెరట్లో ఇంక ఏమీ పెట్టనుప్పా," అంది శైలజ. "నువ్వు అమ్మేది ఊరంతా తింటాండాది. మనమూ తిందాం."

నరసక్క కొడుకు ముఖం చూసింది. "ఏమైందిరా? కూర బాగుండాది, తిను," అంది. ఆమె అప్పటికే సగం తినేసింది. తల్లి కంచం అతను ఆపాలంటే ఎందుకో చెప్పాలి. తన కంచం పక్కకు తొయ్యాలన్నా ఎందుకో చెప్పాలి. ఇన్నేళ్ళుగా నాలుగు ఊళ్ళకు చెప్పనిది ఇప్పుడు ఈ నేల మీద, తల్లి ఎదుట కూర్చుని చెప్పాలి. వంకాయ ముక్కను సంగటిలో నొక్కి, నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలాడు.

శైలజ గిన్నె దగ్గరికి లాక్కుని, అత్తకు వేసి, భర్తకు వేసి, తన కంచంలోకి రెండోసారి కూర వడ్డించుకుంది.