అరెస్టుకు కారణం

పొలానికి నీళ్లు పెట్టుకునే దగ్గర తగాదా పడి, దాసు కట్టెతో మారోతి తల మీద కొట్టి ఊరు విడిచి పారిపోయాడు. కొన్నాళ్లకు స్టేషన్లో రైలు దిగుతూ పోలీసులకు దొరికాడు.

ధర్మాబాద్ ఠాణాలో ఇన్‌స్పెక్టర్ అరెస్టు కారణాలు మరాఠీలో చదివి వినిపించాడు. దాసు అన్నిటికీ తలూపాడు. అతనికి బజారు మరాఠీ వచ్చు గాని, కాగితాల మరాఠీ అంతుపట్టదు. ఇన్‌స్పెక్టర్‌కు అనుమానం వచ్చి, తెలుగు వచ్చిన కానిస్టేబుల్ శుభాంగిని పిలిచి వివరంగా చెప్పమన్నాడు.

"దాసన్నా, నిన్నెందుకు పట్టుకున్నరో ఎరుకేనా?" అని అడిగింది శుభాంగి.

"ఎరుకే చెల్లే. మారోతిని కొట్టిన. నన్ను దవాఖానకు తీస్కపోండ్రి, ఆయన కాళ్లు మొక్కుత."

శుభాంగి కుర్చీ అతని దగ్గరికి జరుపుకుంది.

"మారోతి సచ్చిపోయిండన్నా. ఇది ఖూనీ కేసు," అంది మెల్లగా.

దాసు తన చేతుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు. "చిన్నప్పటి సంది కలిసి తిరిగినోళ్లం," అని ఏడ్చాడు. ఆమె అతన్ని ఏడవనిచ్చింది. తర్వాత మంచినీళ్లిచ్చి, వకీలును పెట్టుకోవచ్చనీ, రేపు కోర్టుకు తీసుకుపోతారనీ చెప్పింది.

"ఇంట్ల ఎవలకు చెప్పాలె?"

"నా పెండ్లానికి. ఫోన్ల వద్దు చెల్లే, మనిషిని పంపుండ్రి."

ఇన్‌స్పెక్టర్‌ను అడిగి శుభాంగే దాసు వాళ్ల ఊరు కర్ఖేలి వెళ్లింది. సంగతంతా విని దాసు భార్య చంద్రభాగ ఒకటే అడిగింది.

"మారోతన్న పోయినట్టు ఆయనకు ఎరుకైందా?"

"ఇయ్యాల్నే అయింది," అని శుభాంగి ఆమె పక్కనే కూర్చుంది.